పొట్లాలు కట్టే భాష – దాని పుట్టిల్లు

పారమట్టా అన్న పేరు ఆంగ్లేయులు కల్పించినది కాదు. ఆ నదీతీరాన వేల యేళ్ళుగా నివసించిన దారుగ్ భాషీయుల మాటకు అది రూపాంతరం. పామువంటి ఈల్ చేపలు చేరే చోటు అని ఆ మాటకు అర్థం చెబుతారు. ఆ భాష మాట్లాడేవారు అరుదైపోయినా రైలు స్టేషను పలక మీద, ఉత్తరాల చిరునామాలలో ఆ మాట నేటికీ నిత్యవ్యవహారంలో ఉంది. ఊరి రగ్బీ జట్టు పేరులోకి ఆ చేప కూడా వచ్చి చేరింది. వాడేవారిలో చాలామందికి దాని పుట్టుక తెలియదు. తెలియకపోయినా పని ఆగదు. కాని తెలిసినవారికి ఆ ఊరి చరిత్ర ఆ ఒక్క మాటలోనే కొంత దర్శనమిస్తుంది.

కంప్యూటరు రంగంలోనూ ఇటువంటి మాటలు అనేకం. పశ్చిమ సిడ్నీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆ రంగాన్ని నమ్ముకొని జీవించేవి తక్కువేమీ కావు. లినక్స్ యంత్రాల మీద పనిచేసేవారు 'యమ్' అనో, 'డిఎన్ఎఫ్' అనో, 'ఏపిటి' అనో టైపు చేసి క్షణంలో కావలసిన సాఫ్టువేరును తెప్పించుకొంటారు. ఆ ఆజ్ఞను శిరసావహించే సాధనం ఏ భాషలో వ్రాయబడింది? ఆ భాష ఎక్కడ పుట్టింది? ఆ పనికి దానినే ఎందుకు ఎన్నుకొన్నారు? ఇవి పనిలేనివారి ప్రశ్నలుగా తోచవచ్చును. నిజానికి ఒక భాష ఎందుకు బ్రతుకుతుంది, మరొకటి ఎందుకు అంతరిస్తుంది అన్న పెద్ద ప్రశ్నకు వీటిలో సమాధానం ఉంది. పరదేశంలో పిల్లలకు తెలుగు నిలపాలని తాపత్రయపడే తల్లిదండ్రులు ఆలకించదగిన సమాధానం అది.

పొట్లము, పెత్తందారు

లినక్స్ అన్నది ఒకే వస్తువు కాదు. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లోకానికి అందించినది కేవలం యంత్రానికి మూలాధారమైన కేంద్రభాగం. దాని చుట్టూ అక్షరాలు దిద్దే క్రమణికలు, ఉత్తరాలు పంపేవి, బొమ్మలు చూపేవి వేల సంఖ్యలో చేరితేనే అది పనికివచ్చే వ్యవస్థ అవుతుంది. ప్రోగ్రాము అనే మాటకు ఇక్కడ క్రమణిక అన్న మాట వాడడమైనది. ఒక క్రమణికకు కావలసిన దస్త్రాలన్నీ ఒకచోట చేర్చి, పైన వివరాల చీటీ అంటించి కట్టినదే ప్యాకేజి, అనగా పొట్లం. ఏ పొట్లం ఎక్కడ విప్పాలి, దేనికి ఏది తోడు కావాలి, పాతదానిని ఎట్లా తొలగించాలి అని చూచుకొనే సాధనం ప్యాకేజి మేనేజరు. దానిని పొట్లాల పెత్తందారు అంటే తప్పులేదు.

ఈ పెత్తనం తేలిక కాదు. ఆవకాయ పెట్టదలచిన ఇల్లాలికి మామిడికాయలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కావాలి. ఆవపిండికి ఆవాలు కావాలి, వాటిని దంచడానికి రోలు కావాలి. ఒకదాని వెనుక ఒకటిగా ఈ అవసరాల గొలుసు సాగుతుంది. అంతవరకైతే ఓపిక ఉంటే చాలును. అసలు చిక్కు ఎక్కడంటే, ఒక వంటకు పాత చింతపండే కావాలి, మరొక వంటకు కొత్త చింతపండే కావాలి, ఇంట్లో ఉన్న జాడీ మాత్రం ఒక్కటే. కంప్యూటరులో ఇదే జరుగుతుంది. రెండు క్రమణికలు ఒకే గ్రంథాలయపు రెండు వేరువేరు కూర్పులను కోరుతాయి. వేల పొట్లాల మధ్య ఇటువంటి కోరికలన్నిటినీ ఒకేసారి తీర్చగల కూర్పు ఉందా లేదా అని తేల్చడం గణితశాస్త్రంలో అతి కఠినమైన సమస్యల కోవకు చెందుతుందని నిరూపితమైంది. ఈ అవస్థకు ఇంగ్లీషులో వాడే మాటను తెలుగులో 'పరాధీనతా నరకం' అనవచ్చును. 1990 దశకంలో లినక్స్ వాడినవారందరూ ఆ నరకాన్ని చవిచూచినవారే.

1993లో వెలువడిన స్లాక్‌వేర్ పొట్లాలలో ఈ తోడు వివరాలు ఉండేవి కావు. ఏది లేదో వాడేవాడే కనిపెట్టుకోవాలి. అదే సంవత్సరం ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌కు 'డిపికేజి' అనే పెత్తందారు ఏర్పడింది. 1995 నాటికి రెడ్‌హ్యాట్ సంస్థలో మార్క్ యూయింగ్, ఎరిక్ ట్రోన్ 'ఆర్పియం' అనే సాధనాన్ని సిద్ధం చేశారు. ఈ రెండిటి చరిత్రలో గమనించదగిన సామ్యం ఒకటి ఉంది. డిపికేజి మొదట షెల్ లిపిగా మొదలై, తరువాత పెర్ల్ భాషలోకి మారి, పిదప ప్రధానభాగం సి భాషలో స్థిరపడింది. ఆర్పియం సైతం మొదట పెర్ల్‌లో వ్రాయబడి, తరువాత సి భాషలోకి వచ్చింది. మొదట సులభమైన భాష, తరువాత గట్టి భాష. ఈ వరుస ముందుముందు మళ్ళీ కనిపిస్తుంది.

భౌతికశాస్త్ర శాఖలో పుట్టిన యమ్

ఆర్పియం పొట్లాన్ని విప్పగలదు, తోడు లేదని చెప్పగలదు. ఆ తోడును వెదకి తెచ్చే బాధ్యత మాత్రం మనిషిదే. ఆపిల్ యంత్రాలలో నాడు వాడుకలో ఉన్న పవర్‌పిసి చిప్పుల కోసం 'ఎల్లో డాగ్ లినక్స్' అనే పంపిణీని తయారుచేసిన టెర్రా సాఫ్ట్ సంస్థవారు 1999-2001 మధ్య ఆ బాధ్యతను యంత్రానికి అప్పగించే 'యప్' అనే సాధనాన్ని రూపొందించారు. అమెరికాలో ఉత్తర కారొలైనా రాష్ట్రంలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖలో రెడ్‌హ్యాట్ లినక్స్ కంప్యూటర్లను చూచుకొనే సేథ్ విడాల్, మైకేల్ స్టెన్నర్ ఆ యప్‌ను సమూలంగా తిరగవ్రాశారు. అదే 'యమ్'. ఎల్లో డాగ్ వారి సాధనానికి మార్చిన రూపం అని ఆ పేరుకు విస్తరణ. నోరూరించే శబ్దం కావడం అదనపు లాభం.

యమ్ ఏ పెద్ద సంస్థ ప్రణాళికలోనూ పుట్టలేదు. ఒక విశ్వవిద్యాలయ శాఖలో యంత్రాలు సరిగా నడవాలన్న అవసరం నుంచి పుట్టింది. 2003లో మొదలైన ఫెడోరా పంపిణీలోకి అది ప్రవేశించింది. 2007లో వెలువడిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 5వ కూర్పుతో బ్యాంకుల, ప్రభుత్వ కార్యాలయాల యంత్రాలలోకి చేరింది. విడాల్ 2013 జూలై 8న డరమ్ నగరంలో సైకిలుపై వెళుతూ ప్రమాదంలో మరణించే నాటికి, అతని పేరు వినని లక్షలమంది అతడు వ్రాసిన సాధనాన్ని ప్రతిదినం వాడుతూ ఉన్నారు.

ఆ సాధనం వ్రాయబడిన భాష పైథాన్. ఎందుకు పైథాన్? అందుకు మొదటి కారణం సామీప్యం. రెడ్‌హ్యాట్ లోకంలో ఆ భాష అప్పటికే అలవాటైనది. లినక్స్‌ను యంత్రంలో నెలకొల్పే 'ఆనకొండ' అనే క్రమణిక పైథాన్‌లోనే ఉండేది; ఆర్పియంతో పైథాన్ నుంచి మాట్లాడే దారి సిద్ధంగా ఉండేది. భాషలను ఎన్నుకొనేటప్పుడు మనుషులు గుణదోషాల పట్టిక వేసుకోరు. పక్కనున్నవారు మాట్లాడే భాషనే అందుకొంటారు. ఇది దోషం కాదు. బజారులో పనికివచ్చే భాషే నాలుకమీద నిలుస్తుంది. రెండవ కారణం ఇంకా లోతైనది. దానికోసం డ్యూక్ నుంచి ఆంస్టర్‌డాం వెళ్ళాలి.

ఆంస్టర్‌డాంలో ఒక పాఠశాల భాష

హాలండు దేశపు రాజధానిలో సి.డబ్ల్యు.ఐ. అనే గణిత, గణనశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ లియో గర్ట్స్, లాంబర్ట్ మీర్టెన్స్ అనే శాస్త్రజ్ఞులు 1970 దశకంలో ఒక కొత్త భాషకు రూపకల్పన ఆరంభించారు. స్టీవెన్ పెంబర్టన్ తరువాత వారితో కలిశాడు. కంప్యూటరు శాస్త్రం చదువుకోనివారు సైతం నేర్చుకోగల భాష కావాలన్నది వారి ఆశయం. నాడు ఆరంభకులకు నేర్పే బేసిక్ భాష తప్పుడు అలవాట్లు పెంచుతుందని వారి అభిప్రాయం. ఆ కొత్త భాషకు చివరకు ఎబిసి అని పేరు పెట్టారు. తెలుగులో ఓనమాలు అన్నట్లు.

ఎబిసిలో అంకెల పరిమాణానికి హద్దు లేదు. యంత్రపు ఇరుకుతనం నేర్చుకొనేవాడి మీద రుద్దకూడదన్నది సూత్రం. జాబితాలు, పట్టికలు వంటి పెద్ద నిర్మాణాలు భాషలోనే ఉన్నాయి. ముందుగా ఏ పేరు ఏ జాతిదో ప్రకటించనక్కరలేదు. అన్నిటినీ మించి, ఏ పంక్తులు ఏ పంక్తికి లోబడి ఉన్నాయో కుండలీకరణాలతో కాక, పంక్తిని లోపలికి జరిపి వ్రాయడం ద్వారానే తెలుపుతారు. కంటికి ఎట్లా కనబడుతుందో యంత్రానికీ అట్లాగే అర్థమవుతుంది.

ఈ రూపకల్పనకు సంబంధించి మీర్టెన్స్ చెప్పిన ఒక ఉదంతం ప్రసిద్ధం. 1978లో పోలండు దేశంలో యబ్లొన్నా అనే చోట ఒక పాత భవంతిలో నలుగురు పండితులు సమావేశమై, ఒకే లెక్కను పలురకాల వ్యాకరణాలలో వ్రాసి ఏది మేలో తేల్చుకోలేకపోయారు. వారిలో ఒకరైన రాబర్ట్ డ్యూవర్ సతీమణిని ఆమె గదినుంచి పిలిపించి తీర్పు చెప్పమన్నారు. మొదటి నమూనా వివరించగానే, పై పంక్తిలో చెప్పిన పునరావృత్తి ఆ ఒక్క పంక్తికే కాక క్రింది పంక్తులకు కూడా వర్తిస్తుందా అని ఆమె ఆశ్చర్యపోయింది. ఆ సందేహం పండితులకు కనువిప్పు. పంక్తి చివర రెండు చుక్కలు పెట్టి ఉంటే, చెప్పవలసినది ఇంకా ఉందని ఎవరికైనా తెలిసేది కదా అని గ్రహించారు. ఆ చుక్కలు ఎబిసిలోకి, దాని నుంచి పైథాన్‌లోకి వచ్చాయి. నేడు న్యూ సౌత్ వేల్స్ ఉన్నత పాఠశాలలో సాఫ్టువేరు ఇంజనీరింగు చదివే తెలుగు విద్యార్థి ప్రతి షరతు చివర ఆ రెండు చుక్కలు పెట్టేటప్పుడు, ఒక గృహిణి నిస్సంకోచంగా అడిగిన ప్రశ్నకు ఋణపడి ఉన్నాడన్నమాట. తెలియనివారి ప్రశ్నను తోసిపుచ్చని పండితులకు కూడా అంతే ఋణం.

మూసిన తలుపు, తెరిచిన తలుపు

ఇంతటి శ్రద్ధతో నిర్మితమైన ఎబిసి లోకంలో నిలవలేదు. కారణం దానిలోని లోపం కాదు, దాని సంపూర్ణత్వమే. కర్తలు దానిని కట్టుదిట్టంగా మూసిన ఇల్లుగా కట్టారు. బయటి దస్త్రాలతో వ్యవహారం సులభం కాదు. కొత్త వసతి చేర్చాలంటే కర్తలే చేర్చాలి. పరాయివాడు ఒక గది కట్టుకొనే వీలు లేదు. వాడుకలో ఉన్న పదాలకు బదులు వారు కల్పించిన కొత్త పదాలు కూడా అప్పటికే క్రమణికలు వ్రాసేవారికి అడ్డు తగిలాయి. 1980 దశకం ముగిసే లోపలే ఆ పథకం ఆగిపోయింది.

ఎబిసి బృందంలో పనిచేసిన యువకుడు గీడో వాన్ రోసమ్. పథకం మూతపడిన తరువాత ఆయన అదే సంస్థలో అమీబా అనే నిర్వహణ వ్యవస్థ మీద పనిచేశాడు. యంత్రాల ఆలనాపాలనా చూచే చిన్నచిన్న క్రమణికలు అక్కడ అనేకం కావలసివచ్చాయి. సి భాషలో వ్రాస్తే పొద్దు చాలదు; షెల్ లిపిలో వ్రాస్తే శక్తి చాలదు. ఆ రెండిటి నడుమ వంతెన కావాలి. 1989 క్రిస్‌మస్ సెలవులలో కార్యాలయం మూసి ఉండగా ఆయన ఇంటివద్ద ఆ వంతెన కట్టడం మొదలుపెట్టాడు. ఎబిసిలోని పంక్తుల అమరిక, రెండు చుక్కలు, పెద్ద నిర్మాణాలు స్వీకరించాడు. పొరపాట్లను పట్టుకొనే పద్ధతిని మాడ్యులా-3 భాషనుంచి తెచ్చుకొన్నాడు. మూసిన తలుపును మాత్రం స్వీకరించలేదు. ఎవరైనా కొత్త విభాగం వ్రాసి చేర్చుకోవచ్చును. సి భాషలోని గ్రంథాలయాలను లోపలికి పిలువవచ్చును. పేరు కొండచిలువది కాదు, బి.బి.సి. వారి 'మాంటీ పైథాన్' అనే హాస్య కార్యక్రమానిది. 1991 ఫిబ్రవరిలో దానిని అందరికీ పంచిపెట్టాడు.

కాబట్టి పైథాన్‌కు తల్లి పాఠశాల, తండ్రి యంత్రశాల. చదువుకొనేవారికి అర్థమయ్యే భాషగానూ, యంత్రాలను చూచుకొనేవారి అవసరం తీర్చే భాషగానూ ఒకేసారి పుట్టింది. పొట్లాల పెత్తందారుకు కావలసినది సరిగ్గా ఇదే. డ్యూక్‌లో యమ్ వ్రాసినవారూ యంత్రాల ఆలనాపాలనా చూచేవారే. వారు వ్రాసినదానిని మరొక ఊరిలో మరొక యంత్రాధికారి చదివి, తప్పు కనిపెట్టి, దిద్ది పంపగలడు. స్వేచ్ఛా సాఫ్టువేరుకు ప్రాణం అదే. 2002లో 1.0 కూర్పుగా వెలువడిన జెంటూ లినక్స్ పెత్తందారు 'పోర్టేజి' కూడా పైథాన్‌లో ఉండడం కాకతాళీయం కాదు.

ఇతర పుట్టిళ్ళు కూడా ఉన్నాయి. ఎల్కో డోల్స్ట్రా హాలండులోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 2006లో డాక్టరేటు పొందిన సిద్ధాంతం 'నిక్స్' అనే పెత్తందారును గురించినది; దానికై ఆయన ప్రత్యేకంగా ఒక భాషనే నిర్మించాడు. అదే ఊహను 2012లో 'గీక్స్' అనే పథకం అందుకొన్నప్పుడు లూడొవిక్ కూర్టెస్ కొత్త భాష కల్పించక, 1975లో ఎం.ఐ.టి.లో పుట్టిన స్కీమ్ వంశానికి చెందిన గైల్ భాషను ఎన్నుకొన్నాడు. ఒకే ప్రయోగాన్ని ఎవరు ఎక్కడ చేసినా ఒకే ఫలితం రావాలన్న ప్రయోగశాల నియమమే ఈ రెండిటి లక్ష్యం. వాటి గుణగణాలకు వేరొక వ్యాసం కావాలి.

గ్రాంథికం, వ్యావహారికం

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో లేవనెత్తిన వాదం ఇటువంటిదే. బడిపిల్లవాడు ఇంట మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో వ్రాయవలసిన భాష మరొకటి అయితే, వాని శక్తి విషయం మీద కాక వ్యాకరణం మీద వ్యయమవుతుందని ఆయన వాదించారు. సవరల పిల్లలకు చదువు చెప్పడానికి తానే సవర భాష నేర్చి, దానిలో వాచకాలు తయారుచేసిన మనిషి కనుక ఆ మాటకు బలం ఉంది. పండితులు ఎదిరించారు. కాలం గిడుగు పక్షాన నిలిచింది.

సి భాష గ్రాంథికం వంటిది అంటే దానిని తక్కువ చేసినట్లు కాదు. గ్రాంథికానికి బిగువు ఉంది, వేగం ఉంది, కాలపరీక్షకు ఆగిన గట్టిదనం ఉంది. కాని దానిలో ప్రవేశించేవారు కొందరే. పైథాన్ శిష్టవ్యావహారికం వంటిది. నియమం లేనిది కాదు, చదువరిని తరిమివేయనిది. ఏ సమాజంలోనైనా పదిమంది చేతులు కలిసి చేయవలసిన పనికి రెండవదే తగినది.

సీసా నుంచి ఉక్కుకు

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. యమ్ ఇప్పుడు ఏమైంది? దానికి వారసుడుగా వచ్చిన డిఎన్ఎఫ్ 2015లో ఫెడోరా 22వ కూర్పులో గద్దె ఎక్కింది. 2024 అక్టోబరులో వెలువడిన ఫెడోరా 41వ కూర్పులో దాని స్థానాన్ని డిఎన్ఎఫ్5 ఆక్రమించింది. అది సి ప్లస్ ప్లస్ భాషలో తిరగవ్రాయబడినది. చిన్న వ్యవస్థలలో ఒక పొట్లం విప్పడానికి పైథాన్ సరంజామా అంతా వెంట మోయడం బరువని నిర్ణయించారు. పైగా తానున్న కొమ్మనే నరుక్కొనే ప్రమాదం పాతదే. యంత్రంలోని పైథాన్ కూర్పును తెలియక మార్చినవారికి యమ్ మూగబోయిన అనుభవం తెలిసిందే. అట్లయితే మొదటి ఎంపికే తప్పా?

తప్పు కాదు. రసాయనశాస్త్ర చరిత్రలో దీనికి చక్కని దృష్టాంతం ఉంది. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయవచ్చునని ఫ్రిట్జ్ హేబర్ 1909లో బల్లమీద పట్టేటంత చిన్న పరికరంతో నిరూపించాడు. దానిని కర్మాగారంగా మార్చడం కార్ల్ బాష్ పని. పెద్ద ఉక్కు గొట్టాలలో అధిక పీడనం వద్ద ఉదజని ఉక్కులోని కర్బనాన్ని హరించి గొట్టాలను పగులగొట్టింది. లోపల మెత్తని ఇనుముతో తొడుగు వేసి, బయటి ఉక్కుకు రంధ్రాలు పెట్టి బాష్ ఆ గండం దాటాడు. 1913లో ఓపౌ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. బాష్ ఉక్కు గొట్టం గెలిచింది కనుక హేబర్ బల్లమీది పరికరం వృథా అని ఏ రసాయనికుడూ అనడు. ప్రతిచర్య ఎట్లా నడుస్తుందో తెలిసిన తరువాతనే ఉక్కు పోతపోయడానికి అర్థం ఉంటుంది. తెలియని దశలో చూపు ఆనే సీసాయే కావాలి; తెలిసిన తరువాత గట్టి పాత్ర కావాలి. డిపికేజి, ఆర్పియం, డిఎన్ఎఫ్ మూడూ ఇదే వరుసలో నడిచాయి. రెండు దశాబ్దాలపాటు పైథాన్‌లో అనేకులు చదివి, దిద్ది, వాదించి తేల్చినదే నేడు సి ప్లస్ ప్లస్‌లో పోతపోయబడింది.

దీనికి మరొక పార్శ్వం ఉంది. తెలుగువారికి అసలు సంబంధించినది అదే. 2008 డిసెంబరులో పైథాన్ 3వ కూర్పు వెలువడింది. అది పాతదానితో పొసగలేదు. వేలకొద్దీ క్రమణికలు తిరగవ్రాయవలసివచ్చింది. పాత కూర్పుకు అధికారికంగా వీడ్కోలు చెప్పడానికి 2020 జనవరి 1 దాకా పట్టింది. పాత పైథాన్ మీదనే నిలిచిన యమ్ దానితోపాటే వెనుకబడింది. ఆ శ్రమను పలువురు నిందించారు. కాని ఆ మార్పులో ముఖ్యమైనది ఏమిటి? అక్షరాల విషయం. పాత పైథాన్‌లో మామూలు వాక్యం అంటే ఆంగ్లాక్షరాలకు సరిపోయే సంకేతాల వరుస. తెలుగు వ్రాయాలంటే ప్రత్యేకమైన ఏర్పాటు కావాలి. మూడవ కూర్పులో ప్రతి వాక్యమూ యూనికోడ్ వాక్యమే. అంతేకాదు, చలరాశుల పేర్లు, ప్రమేయాల పేర్లు సైతం తెలుగు లిపిలో పెట్టుకోవచ్చును. తెలుగు లిపికి చోటిచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు వెలువడినది 1991లో. పైథాన్ బహిర్గతమైనది 1991లో. లినక్స్ పుట్టినది 1991లో. ఒకే యేడు మొలిచిన ఆ మూడు మొక్కలు ఒకే పందిరికి పూర్తిగా అల్లుకోవడానికి పదిహేడేళ్ళు పట్టింది. ఇంగ్లీషు మాత్రమే వ్రాసేవారికి ఆ మార్పు విసుగు. తెలుగు వ్రాసేవారికి అది తలుపు తెరవడం.

ప్రవాసాంధ్రులు చేయదగినది

ఈ చరిత్రనుంచి వారాంతపు తెలుగు బడులు నడిపేవారు గ్రహించదగిన నీతి ఏమిటి? ఎంతో ప్రేమతో నిర్మితమైనా మూసిన ఇంటిలో ఉంచిన భాష ఎబిసి వలె చరిత్రలో మిగులుతుంది. నిత్యం అవసరమైన పనిలో పెట్టిన భాష పైథాన్ వలె పెరుగుతుంది. విదేశాలలో తెలుగును సంక్రాంతి వేదికకు, పద్యాల పోటీకి, అమ్మమ్మతో టెలిఫోను సంభాషణకు పరిమితం చేయడం దానిని మూసిన ఇంట ఉంచడమే. ఆ మూడూ అవసరమే, చాలవు. పిల్లవాడు మెదడు పెట్టి చేసే పనిలో తెలుగు లేకపోతే, వాడి దృష్టిలో అది గౌరవించవలసిన వస్తువే కాని వాడుకోవలసిన వస్తువు కాదు.

కొందరు ఉత్సాహవంతులు దీనికి వేరొక మందు సూచిస్తారు. ఆజ్ఞాపదాలన్నీ తెలుగులో ఉండే సరికొత్త ప్రోగ్రామింగు భాష నిర్మించాలంటారు. ఆశయం మెచ్చదగినదే, మార్గం సరియైనది కాదు. లోకంతో సంబంధం లేని పదజాలం వల్ల ఎబిసి పొందిన గతే దానికీ పడుతుంది. పైథాన్‌లో ఉన్న ఆంగ్ల ఆజ్ఞాపదాలు మూడు నాలుగు పదులు మాత్రమే. వాటిని నేర్వడం పిల్లలకు భారం కాదు. తక్కినదంతా, అంటే పేర్లు, వివరణలు, తెరమీద కనబడే సందేశాలు, క్రమణిక వ్రాసేవారి ఇష్టం. అక్కడ తెలుగు పెట్టవచ్చును. కూరగాయల ఖర్చు లెక్కవేసే చిన్న క్రమణికలో చలరాశి పేరు 'ధర' అనీ, 'బరువు' అనీ, 'మొత్తం' అనీ పెట్టిన పిల్లవాడు ఒకే గంటలో రెండు భాషలు అభ్యసిస్తాడు. ఒకచోట పెట్టిన పేరును మరొకచోట వేరే అక్షరంతో వ్రాసి వాడుకోబోతే యంత్రం ఒప్పుకోదు. గురువుగారి ఎర్రసిరాకంటె అది నిష్పక్షపాతమైన పరీక్ష.

రెండవ మార్గం పెద్ద పిల్లలకు తగినది. లినక్స్ వ్యవస్థలలో తెరమీది సందేశాలను స్వచ్ఛంద సేవకులు ఆయా భాషలలోకి తెస్తారు. డెబియన్‌ను యంత్రంలో నెలకొల్పే క్రమణికలో తెలుగును ఎన్నుకొనే వీలు ఉంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే లినక్స్ పంపిణీని రూపొందించింది. ఇవి జీతానికి కాక అభిమానంతో పనిచేసినవారి కృషి ఫలం. కాని సాఫ్టువేరు ప్రతి కూర్పుకూ మారుతుంది, కొత్త వాక్యాలు చేరుతాయి. అనువదించే చేతులు ఆగితే తెలుగు తెర కొంచెం కొంచెంగా ఇంగ్లీషులోకి జారిపోతుంది. 'ఈ పొట్లం విప్పడానికి మరి మూడు పొట్లాలు కావాలి, తెప్పించమంటారా?' అన్న వాక్యం చక్కని తెలుగులో వ్రాయడానికి కంప్యూటరు తెలియాలి, తెలుగూ తెలియాలి. ఆ రెండూ ఒకే ఇంట ఉన్న కుటుంబాలు పారమట్టాలోనూ దాని ఇరుగుపొరుగు ఊళ్ళలోనూ ఎన్నో ఉన్నాయి. ఒకటి తండ్రికో తల్లికో తెలుసు, రెండవది తాతగారికో అమ్మమ్మగారికో తెలుసు. నడుమ కూర్చోవలసినవాడు మనుమడు. యమ్‌ను పెంచినవారిలో ఇటువంటి స్వచ్ఛంద సేవకులూ ఉన్నారు. వారి వద్ద ఉన్నది తీరిక వేళలూ, ఒకరు వ్రాసినది మరొకరు చదవగల భాషానూ.

ఇందులో ఖర్చు లేదు, భవనం అక్కరలేదు, విరాళాలు అడగనక్కరలేదు. వారానికి ఒక గంట చాలును. సంఘం పూనుకొంటే వచ్చే ఉగాదినాటికి ఒక చిన్న సాధనపు సందేశాలన్నీ తెలుగులోకి తేవడం సాధ్యమే. ఆ సాధనాన్ని పిల్లలు వేదికమీద నడిపి చూపితే, అది ఏ నాటికకూ తీసిపోని ప్రదర్శన అవుతుంది.

ఆంస్టర్‌డాంలో పాఠశాల కోసం ఆలోచించిన ఊహలు కొన్ని దశాబ్దాల తరువాత లోకంలోని బ్యాంకుల యంత్రాలలో పొట్లాలు కట్టాయి. ఆ ఊహలను సృష్టించినవారు దానిని ముందుగా ఎరుగరు. వారు చేసినది ఒక్కటే: నేర్చుకొనేవానికి అడ్డు రాని భాషను తలపెట్టారు. వారి తరువాతివాడు దాని తలుపు తెరిచాడు. తెలుగుకు తలుపులు తెరిచే యంత్రాంగం ఇప్పటికే సిద్ధమైంది. లోపలికి అడుగుపెట్టే పిల్లలను పంపవలసినవారు పెద్దలు.